తిరగలి ఆగినప్పుడు

మా కరుణాకరం విమానం నేర్చుకున్నప్పుడు నేను పడిన భయం ఒక ఎత్తు, ఆ తర్వాత హెలికాప్టరు నేర్చుకుంటానన్నప్పుడు పడిన భయం ఒక ఎత్తు. విమానానికి అలవాటు పడను నాకు నాలుగేళ్ళు పట్టింది. గద్ద కూడా రెక్క ఆడించకుండా అంతసేపు తిరుగుతుంది కదా, విమానానికీ అట్లనే రెక్కలున్నాయి కదా అని మనసుకు చెప్పుకోని చెప్పుకోని, ఎట్లనో కంటి నిండా నిద్రపోవడం మొదలుపెట్టినాను. సరిగ్గా అప్పుడు వీడు జాబు రాసినాడు. రెక్కలు పక్కన కాకుండా నెత్తిన గిరగిరా తిరిగేది ఇంకొకటి ఉందంట, దాన్ని నేర్చుకుంటున్నాడంట.

నా పేరు ఎలీషబా. మార్కాపురం మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివినాను. మా ఆయన నతానియేలు మా పల్లె బడిలో పంతులు. మా పల్లె గిద్దలూరికి నాలుగు మైళ్ళు, సగిలేరు ఒడ్డున. నేను చెప్పే నాటికి ఆంధ్రప్రదేశ్ వచ్చి ఎనిమిదేళ్ళయింది, మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది.

నాకు భయం పుట్టుకతో వచ్చింది. బస్సెక్కేముందు డ్రైవరు ముఖం చూస్తాను, కళ్ళు ఎర్రగా ఉంటే దిగిపోతాను. కంభం రైలు అరగంట ఆలస్యమైతే నా లెక్కన అది యాడనో పడిపోయినట్టే. గుడిలో ఎప్పుడూ తలుపు పక్కన కూర్చుంటాను. నీకు భక్తి తక్కువ అంటాడు మా ఆయన. భక్తి తక్కువై కాదు, కప్పు కూలితే బయటికి ఉరకను దగ్గరగా ఉంటుందని.

ఇట్లాంటి తల్లికి అట్లాంటి బిడ్డ. కర్నూలు కాలేజీలో ఎన్.సి.సి.లో చేరినాడు, అక్కడి నుంచి సర్కారు స్కాలర్‌షిప్పు మీద హైదరాబాదు పోయి విమానం నేర్చుకున్నాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు. మద్రాసులో చేలకు పురుగుమందు కొట్టే ఒక కంపెనీ వాడికి ఉద్యోగమిచ్చింది. డెల్టా వరిచేల మీద చిన్న విమానం తిప్పుతా మందు చల్లేవాడు. నాలుగేళ్ళు బాగానే జరిగింది. అంతలో కంపెనీవాళ్ళు లెక్క మార్చినారు. కొండల నడుమ మెట్టచేలకు కూడా మందు కొట్టాలంటే విమానం దిగను జాగా ఉండదు, హెలికాప్టరైతే కళ్ళంలో కూడా దిగుతుంది, కాబట్టి ఉన్న రెండు విమానాలూ అమ్మేస్తాం అన్నారంట. పైలట్లు పాత లైసెన్సు మీదనే హెలికాప్టరుకు కూడా పరీక్ష రాసి, నడిపి చూపించి, ఇంకో ముద్ర వేయించుకోవాల. ముద్ర పడినోడు పైలట్టు. పడనోడు మద్రాసు గోడౌనులో మందు డబ్బాల దగ్గర గుమాస్తా.

గోడౌను అనే మాట నాకు ఎంత తియ్యగా వినబడిందో చెప్పలేను. నాలుగు గోడలు, ఒక కుర్చీ, నేల మీద కాళ్ళు.

ఆ ఏడు తొలకరి పడినాక, జూలైలో వాడు ఇంటికి వచ్చినాడు. వచ్చినోడు సంచి దించి పందిరి కింద మంచం మీద పడుకున్నాడు, నీళ్ళు కూడా అడగలేదు. ఏందిరా అంటే, పరీక్షలో తప్పినానమ్మా అన్నాడు.

వాడు చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. విమానంలో ఇంజను ఆగిపోతే కుడిచేతిలో ఉండే కడ్డీని ముందుకు నెట్టాల. ముక్కు కిందికి దిగితే వేగం నిలబడుతుంది, వేగముంటే రెక్కలు మోస్తాయి. నాలుగేళ్ళుగా వాడి చేతికి అదే అలవాటు. హెలికాప్టరులో అట్ల కాదు. ఎడమచేతి పక్కన ఇంకొక కడ్డీ ఉంటుంది. ఇంజను ఆగిన వెంటనే, ఒకటి రెండు అనేలోపల, ముందు దాన్ని కిందికి దించాల. దించితే నెత్తిమీది రెక్కలు బల్లపరుపుగా పండుకుని, కింద నుంచి వచ్చే గాలికి వాటంతట అవే తిరుగుతా ఉంటాయంట, పిల్లోళ్ళు తాటాకు గిరక పట్టుకుని ఉరికితే తిరిగినట్టు. ఆ తిరగడమే మనిషిని మెల్లగా నేలకు దించుతుందంట. దించకుండా ఆలస్యం చేస్తే రెక్కలు నెమ్మదిస్తాయి, నెమ్మదించినాయంటే మళ్ళీ వేగం అందుకోవు.

అందుకోకపోతే ఏమవుతుందని అడిగినాను. వాడు లేచి పోయి కుండలో నీళ్ళు ముంచుకుని తాగొచ్చినాడు.

తక్కినదంతా బాగా చేసినాడంట. గాలిలో ఒకేచోట కదలకుండా నిలబెట్టడం అన్నిటికంటే కష్టమంట, అదీ చేసినాడు. కానీ పక్కన కూర్చున్న ఆయన ఇంజను తగ్గించిన రెండుసార్లూ వీడి కుడిచెయ్యే ముందు కదిలింది. రెండుసార్లూ ఆయనే సర్ది దించినాడు. "విమానం రానోడైతే ఈ తప్పు చెయ్యడమ్మా. నాకు వచ్చును కాబట్టే చేసినా" అన్నాడు వాడు. ఇంకొక్క అవకాశం ఇచ్చినారు. పది రోజుల్లో కంపెనీవాళ్ళు మా గిద్దలూరు పక్కకే వస్తున్నారు, వేరుశనగకు ఎర్ర గొంగళి పురుగు పట్టిందని. పరీక్ష పెట్టే ఆయనా వస్తాడు. ఆ క్యాంపులోనే కడపటి పరీక్ష.

నేను పైకి అయ్యో నాయనా అన్నాను. తర్వాత వంటింట్లోకి పోయి, తలుపు చేరవేసి, మోకాళ్ళూని దేవుడికి స్తోత్రం చెప్పినాను. ప్రభువా, సగం పని నువ్వే చేసినావు, తక్కిన సగం కూడా చెయ్యి అని అడిగినాను. వాడికి దెబ్బ తగలకుండా, నలుగురిలో మాట పడకుండా, మెల్లగా ఫెయిలు చెయ్యి తండ్రీ అన్నాను.

తలుపు సందులో నుంచి మా ఆడబిడ్డ లీదియా విన్నది. ఆమె ఇల్లు మాకు గోడ అవతల, చెవులు మాత్రం గోడ ఇవతల. బిడ్డల్ని పాసు చెయ్యమని మొక్కుకున్నోళ్ళను చూసినా గాని ఫెయిలు చెయ్యమని మొక్కినదాన్ని నిన్నే చూసినా వదినా అని నవ్వింది. ఎవరికీ చెప్పొద్దని బతిమాలినాను. సాయంత్రానికి మా పల్లెలో ఆ సంగతి తెలియంది కరుణాకరం ఒక్కడికే అనుకున్నాను.

మర్నాడు పొద్దున వాడు పెరట్లో ఒక వేషం కట్టినాడు. పీట మీద కూర్చున్నాడు. మోకాళ్ళ నడుమ రోకలి నిలబెట్టి కుడిచేత్తో పట్టుకున్నాడు. ముల్లుగర్ర ఒక కొనను మంచం కోడుకు కట్టి, రెండో కొన ఎడమచేతిలోకి తీసుకున్నాడు. కాళ్ళ కింద రెండు పలకరాతి ముక్కలు. కళ్ళు మూసుకుని, తనకు తానే ఇప్పుడు ఇంజను ఆగింది అనుకుని ముల్లుగర్ర కిందికి దించుతున్నాడు. నేను ఎంగిలిగిన్నెలు తోముతా చూస్తా ఉన్నాను. గొర్రెలు తోలుకుని పోతా మాల్యాద్రి దడి దగ్గర ఆగినాడు. పంతులుగారి కొడుక్కు చదువెక్కువై మతి చలించిందేమో అక్కా, నాటువైద్యం చేయించకూడదా అన్నాడు.

కాసేపటికి కరుణాకరం రోకలి పక్కన పెట్టి నన్ను పిలిచినాడు. ఎప్పుడు ఆగేది నాకే తెలిస్తే ఏం లాభం, నువ్వు చెప్పాల, నేను అనుకోనప్పుడు ఇంజను ఆగింది అని గట్టిగా అను అన్నాడు.

ఆ మాట నా నోట రాదు. మేము దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళమే అయినా, మా అమ్మ నేర్పిన పద్ధతి పోలేదు. బియ్యం అయిపోయినాయి అనం, నిండుకున్నాయి అంటాం. దీపం ఆరిపోయింది అనం, కొండెక్కింది అంటాం. పోతున్నా అనం, పోయివస్తా అంటాం. అట్లాంటిది, కన్నబిడ్డ కూర్చున్న మిషను ఆగిందని నా నోటితో నేను ఎట్ల అనేది? కొండెక్కింది అంటాలేరా అన్నాను. ఒకసారి అన్నాను కూడా. వాడు నవ్వు ఆపుకోలేక రోకలి కాలి మీద వేసుకున్నాడు.

నేను మానుకుని ఊరకుండొచ్చు. మానుకుంటే నా మొక్కు తీరినట్టే. కానీ ఆ మధ్యాహ్నం జొన్నలు చెరుగుతా కూర్చుంటే ఒక ఆలోచన వచ్చింది. దేవుడు నా ప్రార్థన ఆలకించకపోతే? వీడు ఏదో అదృష్టం కొద్దీ పాసైపోతే? ముద్ర పడుతుంది, కుడిచెయ్యి మాత్రం పాత కుడిచెయ్యే. ఆ చెయ్యి పెట్టుకుని ఏ కొండల మీదనో పోతుంటాడు, అప్పుడు ఇంజను... ఒక భయం ఇంకో భయాన్ని నెట్టి ముందుకు వచ్చింది. గోడౌనుకు పోతే పోనీ, పోకపోతే చెయ్యి సరిగ్గా ఉండాల.

తిరగలి తెచ్చి పందిరి కింద వేసినాను. వాణ్ణి పిలిచి ఎదురుగా పీట వేసుకోమన్నాను. నేను విసురుతా ఉంటాను, ఈ గరగరే నీ ఇంజను, ఇది ఎప్పుడు ఆగితే అప్పుడు నీ ఎడమచెయ్యి దిగాల, నేను నోటితో ఏమీ అనను అని చెప్పినాను. వాడు పీట లాక్కుంటా, ఇది మద్రాసులో కూడా ఎవరికీ తోచలేదమ్మా అన్నాడు.

మొదటి రోజు ఇరవైసార్లు ఆపితే పన్నెండుసార్లు రోకలే ముందు కదిలింది. రెండో రోజు ఎనిమిది. ఎప్పుడు ఆపాలో నాకు ఒకరు చెప్పే పనిలేదు. చెడ్డ గడియ ఎప్పుడొస్తుందా అని చూడటమే కదా నేను పుట్టినప్పటి నుంచీ చేసే పని. వాడికి దగ్గు వచ్చినప్పుడు ఆపినాను. మాల్యాద్రితో మాట్లాడి నవ్వేటప్పుడు ఆపినాను. వాళ్ళ నాయన పిలిస్తే తల తిప్పినప్పుడు ఆపినాను. మూడు నిమిషాలకు ఆపుతానని వాడు కనిపెట్టినాడని తెలిసి, ఒకసారి అరగంట ఆపకుండా విసిరి, ఇంక ఆపదులే అని వాడు భుజం జారవేసినప్పుడు ఆపినాను. నువ్వు మా పరీక్ష ఆయనకంటే దుర్మార్గురాలివమ్మా అన్నాడు.

నాలుగో రోజుకు మా ఇంట్లో జొన్నలు నిండుకున్నాయి. లీదియా తన జొన్నలు తెచ్చిపెట్టింది. ఆమెను చూసి ఇంకొకరు కొర్రలు తెచ్చినారు. పరీక్ష కోసం కదా వదినా, మాకోసం కాదులే అని సన్నాయినొక్కులు నొక్కుతా సగం పల్లె తట్టలు మా పందిరి కింద పెట్టి పోయింది. నా భుజాలు పడిపోయినాయి గాని తొమ్మిదో రోజు పొద్దుగూకేదాకా ముప్పైసార్లు ఆపితే ముప్పైసార్లూ ముల్లుగర్రే దిగింది.

పదో రోజు హెలికాప్టరు వచ్చి మా ఊరి పక్కన బీడు భూమిలో దిగింది. ముందర గాజుబుడ్డి మాదిరి, వెనక ఎండిన చేప ముల్లు మాదిరి. దిగేటప్పుడు లేచిన దుమ్ముకు సగం జనం పరారయినారు, దుమ్ము సర్దుకునేసరికి రెండింతలు వచ్చి చేరినారు. రెండు రోజులు వేరుశనగ చేల మీద మందు కొట్టినారు. నడిపింది వేరే పైలట్టు. మావోడు కింద మందు డబ్బాలు అందిస్తా ఉన్నాడు. వాడు ఆ డబ్బాలు మోయడం చూస్తే నాకు సంతోషం కావాల. ఎందుకో కాలేదు.

పరీక్ష పెట్టే ఆయన పేరు రంగనాయకులు. మిలిటరీ విమానాల్లో పని చేసి వచ్చిన మనిషి, మద్రాసు తెలుగు. రెండో రోజు మధ్యాహ్నం మా ఆయన ఆయన్ను భోజనానికి పిలిచినాడు. వరండాలో చాప వేసి ఆయనకూ కరుణాకరానికీ ఆకులు వేసినాను. వాళ్ళు తింటా ఉంటే, వదిలిపెట్టిన కొర్రలు గుర్తొచ్చి పక్కన కూర్చుని విసురుతా ఉన్నాను. చెమట కంట్లో పడితే తుడుచుకోవడానికి చెయ్యి తీసినాను.

కరుణాకరం ఎడమచెయ్యి ఠపీమని నేల మీద పడింది. మధ్యలో మజ్జిగ చెంబు ఉంది. మజ్జిగంతా రంగనాయకులు గారి ప్యాంటు మీద.

ఇంక వీడికి ముద్ర కాదు, గోడౌను కూడా ఉండదు అనుకున్నాను. ఆయన ప్యాంటు వైపు చూసుకోలేదు. తిరగలి వైపు చూసినాడు, వాడి చెయ్యి వైపు చూసినాడు, ఇది ఏమిటని అడిగినాడు. కరుణాకరం తల వంచుకుని అంతా చెప్పినాడు. ఆయన నన్ను మళ్ళీ విసరమన్నాడు. మజ్జిగ తుడవకుండా విసరడమేంది అనుకుంటానే విసిరినాను. ఆయన ఏదో మాట్లాడతా, పప్పు బాగుందంటా, ఒక చేత్తో నాకు సైగ చేసినాడు. ఆయన సైగకు నేను ఆపలేదు. వాడు ఆ సైగ చూసినాడని నాకు తెలుసు. ఇంకాసేపు విసిరి, వాడు ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఆపినాను. ఎడమచెయ్యి దిగింది.

ఆయన ఆకులోది అంతా తిన్నాడు. చేతులు కడుక్కున్నాక అన్నాడు:

"అమ్మా, పోయినసారి తప్పు సగం నాదే. పక్కన కూర్చుని ఇంజను తగ్గించేటప్పుడు నా భుజం కదులుతుంది. అది చూసి వాడు ముందే బిగుసుకున్నాడు. రేపు మీరు ఆపండి."

నాకు అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పినాడు. నేను తెల్లగుడ్డ పైకెత్తి, హెలికాప్టరు దిగిన బీట్లో నిలబడాల. వాళ్ళిద్దరూ ఊరి చుట్టూ తిరుగుతా ఉంటారు. నేను ఎప్పుడు గుడ్డ దించితే అప్పుడు ఆయన ఇంజను తగ్గించేస్తాడు. ఆయన కూర్చునే పక్క నుంచే నేను కనబడతాను, మావోడికి కనబడను. వాడు సరిగ్గా చెయ్యకపోతే ఆయన ఇంజను తిరిగి అందుకుంటాడు, ప్రాణానికి భయం లేదు. కాకపోతే వాడు తప్పినట్టు. పరీక్షకు కంపెనీ ఇచ్చిన పెట్రోలు ఇరవై నిమిషాలకే.

"నేను దించకపోతే?" అని అడిగినాను.

"దించకపోతే పరీక్ష జరగనట్టే. ఎల్లుండి నేను దర్శి క్యాంపులో ఉండాలి. మళ్ళీ ఇంకోసారి అని నేను అడగలేను."

ఆ రాత్రి సంగతి రాయను, నిద్రపోని రాత్రులన్నీ ఒకటే. పొద్దున మా ఆయన తెల్లపంచె ఒకటి చించి ఇచ్చినాడు. దాన్ని గెడకర్రకు కట్టుకుని బీట్లో నిలబడినాను. మా ఆయన ఒక పక్క, లీదియా ఒక పక్క, వెనక ఊరు ఊరంతా. కరుణాకరం ఎక్కేముందు నా దగ్గరికి వచ్చి, పోయివస్తానమ్మా అన్నాడు. ఎప్పుడు దించమనీ అనలేదు.

హెలికాప్టరు లేచింది. బీడు మీదుగా, వేరుశనగ చేల మీదుగా పోయి, సగిలేరు మీద మలుపు తిరిగి, రైలు కట్ట పక్కన తంతిస్తంభాల వెంబడి మళ్ళీ బీటికి. ఒక చుట్టు రెండు మూడు నిమిషాలు. మొదటి చుట్టు అయింది. రెండోది అయింది. నా చెయ్యి పైనే ఉంది.

అప్పుడు నాకు తోచింది. దేవుడు నా ప్రార్థన ఆలకించినాడు. మెల్లగా ఫెయిలు చెయ్యమని అడిగినాను కదా. ఇంతకంటే మెల్లగా ఏముంటుంది? ఎవరూ వాణ్ణి ఒక మాట అనరు. దెబ్బ తగలదు. నేను చెయ్యి ఎత్తుకుని ఊరికే నిలబడితే చాలు, పెట్రోలు నిండుకుంటుంది, వాడు గోడౌనుకు పోతాడు. నేను అడిగింది దేవుడు తీసుకొచ్చి నా చేతికే ఇచ్చినాడు.

మూడో చుట్టు. నాలుగో చుట్టు. చెయ్యి నొస్తుందా వదినా, నేను పట్టుకుందునా అని లీదియా అన్నది. ఈసారి ఆమె గొంతులో నవ్వు లేదు. మా ఆయన గడియారం వైపు చూసుకుంటున్నాడు, నావైపు చూడటంలేదు. బడిపిల్లలకు ఎగ్జామినేషను పెట్టినప్పుడు కూడా ఆయన అట్లనే నిలబడతాడు.

నా కళ్ళ ముందు రెండు రోజులుగా వాడు మోసిన మందు డబ్బాలు కనబడినాయి. మనిషి బాగానే మోసినాడు. కానీ ప్రతి డబ్బా దించినాక తల ఎత్తి పైకి చూసినాడు. పైన తిరిగే వేరేవాడిని చూసినాడు. నేను వాణ్ణి గోడౌనులో పెట్టి తాళం వేస్తే వాడు ముప్పై ఏళ్ళు అట్లనే తల ఎత్తి చూస్తా ఉంటాడు.

సరే, దించాల. మరి ఎక్కడ దించాల? బీటి మీదికి వచ్చినప్పుడు దించితే తేలిక. కింద అంతా చదును, ఎక్కడ దిగినా దిగొచ్చు. ఊరంతా అదే చూస్తా ఉంది, హెలికాప్టరు బీటి మీదికి వచ్చినప్పుడల్లా అందరూ నా చెయ్యి చూస్తున్నారు. అయిదో చుట్టు బీటి మీద నుంచి కూడా దాటిపోయింది. నేను దించలేదు. వెనక ఎవరో ఉసూరుమన్నారు.

అది సగిలేరు మీదికి పోయింది. కింద బండలు, ఎదురుగా తంతితీగలు, దాని వీపు మీద గాలి. నేను గెడ దించినాను.

అక్కా, ఆడ ఎందుకు దించినావు అని మాల్యాద్రి గొంతు విన్నాను. శబ్దం తగ్గిపోయింది. హెలికాప్టరు పడింది. దిగింది అని రాయను, నేను చూసింది పడటమే. పడతా పడతానే మూతి వెనక్కి తిప్పుకుంది, తీగలకు వీపు పెట్టి గాలికి ఎదురు తిరిగింది. ఒడ్డు చాటుకు పోయేముందు ముక్కు పైకెత్తింది, కొంగ నీళ్ళలో వాలేముందు కాళ్ళు ముందుకు చాచినట్టు. ఆ తర్వాత ఏమీ కనబడలేదు.

నేను ఉరికినాను. యాభైకి దగ్గర పడిన మనిషిని, గెడకర్ర అట్లనే చేతిలో పట్టుకుని ఉరికినాను. మా ఆయన చెప్పులు యాడనో వదిలేసి నా వెనక. ఒడ్డు ఎక్కి చూస్తే, రెండు బండల నడుమ ఇసుకపర్ర మీద హెలికాప్టరు కూర్చుని ఉంది, ఎవరో తెచ్చి పెట్టినట్టు. నెత్తిమీద రెక్కలు నిదానంగా తిరుగుతున్నాయి. అవతలి ఒడ్డున మాల్యాద్రి గొర్రెలన్నీ ఒకే దిక్కుకు తలలు పెట్టి దాన్ని చూస్తా ఉన్నాయి. గాజుబుడ్డిలో నుంచి కరుణాకరం నాకు కనబడినాడు. వాడి ఎడమచెయ్యి ఇంకా కిందనే ఉంది.

రంగనాయకులు గారు ముందు దిగినాడు. ఇసుకలో కాళ్ళు కూరుకుంటా నా దగ్గరికి వచ్చి, ముఖం తుడుచుకుంటా అడిగినాడు.

"నేను ఇన్నేళ్ళలో ఎవరికీ ఇలాంటి చోట ఇంజను తియ్యలేదమ్మా. మంచి బీడు ఉంది కదా. అక్కడెందుకు ఆపలేదు?"

"ఆగేది మంచి చోటు చూసుకుని ఆగుతుందా సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. హెలికాప్టరు దగ్గరికి తిరిగిపోయి, సీటు కింద నుంచి కాగితాలు తీసి, గాజుబుడ్డికి ఆనించుకుని సంతకం పెట్టినాడు. మా ఆయన ఆ సంతకం తడి ఆరేదాకా కాగితం రెండు చేతులా పట్టుకుని నిలబడినాడు.

కరుణాకరం వచ్చి నా పక్కన ఇసుకలో కూలబడినాడు. నేనూ కూర్చున్నాను. దాచిపెట్టుకుంటే నాకు అరగదు. దించకూడదనుకున్నానురా అని చెప్పేసినాను, రెండు చుట్లు అదే ఆలోచించినానని చెప్పినాను. ప్రార్థన సంగతి కూడా చెప్పినాను.

"ప్రార్థన సంగతి లీదియత్త మొదటిరోజే చెప్పిందమ్మా" అన్నాడు వాడు. "పైన పెట్రోలు ముల్లు చూస్తానే ఉన్నా. మూడో చుట్టుకే అనుకున్నా, అమ్మ దించదని."

"మరి?"

"మరేముంది. నువ్వు పది రోజులు భుజాలు పడిపోయేదాకా విసిరినావు. దించకపోయినా నిన్ను అనేదానికి ఏముంది."

నేను వాడి వీపు మీద ఒకటి వేసినాను, గట్టిగానే. అందరూ అది ఆశీర్వాదమనుకున్నారు.

హెలికాప్టరును ఇసుకలో నుంచి మళ్ళీ లేపాల కదా. ఈసారి కరుణాకరమే నడిపేది. రంగనాయకులు గారు నా దగ్గరికి వచ్చి, మూడో సీటు ఖాళీ ఉంది, బీటి దాకా రెండు నిమిషాలే, మీరు కూడా కూర్చోండి, ఈ రోజు మీకు ఆ హక్కు ఉంది అన్నాడు. ఊరంతా కూర్చో కూర్చో అన్నది. లీదియా నా కొంగు సర్దను కూడా మొదలుపెట్టింది. కరుణాకరం గాజులో నుంచి చెయ్యి ఊపినాడు.

నేను వద్దన్నాను. "నేను ఎక్కితే కింద నుంచి చూసేదెవరు సార్? వీళ్ళంతా చూస్తారు గాని, వీళ్ళకు చూడటం తెలియదు."

లీదియా ఎక్కింది. ఎక్కేముందు చెప్పులు విప్పి నాకు ఇచ్చి పోయింది. ఇసుక లేచి కళ్ళలో పడినా నేను మూసుకోలేదు. వాళ్ళు బండలు దాటి, తీగలు దాటి, బీటి వైపు పోయేదాకా ఆ చెప్పులు చంకన పెట్టుకుని, దారిలో దిగను వీలైన చోట్లు ఒక్కొక్కటే వెతుక్కుంటా నిలబడినాను.